పొందూరు నుంచి ‘చెదలు’ వింటూ

రైలు కదలగానే మొదలుపెడదామనుకున్నాను. కదిలింది. తమ్ముడు నవీన్ ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపుతూ ఊపుతూ వెనక్కి వెళ్లిపోయాడు, పొందూరు అన్న పసుపు బోర్డు వెళ్లిపోయింది, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ ఉన్నాయి, బొటనవేలు ఫోను మీద ఉంది, ఇంకా నొక్కలేదు. కిటికీ పక్క సీటు దొరికింది, అదొక సంతోషం. ఒళ్లో అమ్మ ఇచ్చిన అరిసెల డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది, అదొకటి. పొలాల్లో ఊడుపులు, వంగిన నడుములు, నీళ్లలో మబ్బులు, గట్టు మీద ఒంటికాలి కొంగ. ఆ కొంగని చూసి కూడా నవ్వు వస్తోంది, ఏం చెయ్యను, ఆషాఢం అయిపోయింది, శ్రావణం వచ్చింది, మా ఇంటికి వెళ్తున్నాను. మా ఇల్లు అంటే విజయనగరంలో మేడ మీద వాటా, పెళ్లయ్యాక అందులో మేం కాపురం చేసింది కొన్నాళ్లే, ఇంతలో ఆషాఢం వచ్చి నన్ను పుట్టింటికి తోలేసింది. సారె పట్టుకుని నాన్నా వాళ్లు శుక్రవారం వస్తారు. పాఠాలు చెప్పే స్కూల్లో నా సెలవు అయిపోయింది కాబట్టి ముందే బయల్దేరాను. సారె లేకుండా కొత్త కోడలు ఒట్టి చేతుల్తో వెళ్తే ఎలాగే అని అమ్మ గోల, ఒట్టి చేతులు కావని చెప్పడానికి ఈ డబ్బా. మూత సరిగ్గా పడలేదు, రైలు ఊపుకి టకటకా కొట్టుకుంటోంది. నొక్కాలి. ఇప్పుడు నొక్కకపోతే విజయనగరం వచ్చేలోపు పూర్తవదు, మధ్యలో ఆపకుండా ఒక్క బిగిని వినాలన్నాడు మా ఆయన.

మా ఆయన పేరు మోహనకృష్ణ. నేను బావా అంటాను, మాకు ఏ మేనరికమూ లేకపోయినా. మొగుణ్ణి నువ్వు అంటావేటే, సిగ్గులేదా అని అమ్మ తిడితే, తనే అనమన్నాడమ్మా అని వాదించాను. అనమన్నది నిజమే, కానీ ఎంత మెల్లగా అన్నాడంటే రెండుసార్లు అడిగి చెప్పించుకోవలసి వచ్చింది. అతని గొంతు అలాంటిది. పెళ్లిచూపుల్లో అయిదారు మాటలు మాట్లాడి ఉంటాడు, అవీ కాఫీ గ్లాసుకి చెప్పాడు. పెళ్లిపీటల మీద మా పెద్దత్త నా చెవిలో, ఒసే ధనం, పెళ్లికొడుకు మూగోడేటే అంది. విత్తనాల కంపెనీలో ఉద్యోగం, రైతులతో రోజంతా మాట్లాడాలి, ఎలా మాట్లాడతాడో అని నాకూ అనుమానం. ఆషాఢంలో అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కదా, అతను తొక్కలేదు. ప్రతి ఆదివారం విజయనగరంలో పాసింజరెక్కి పొందూరు స్టేషన్లో దిగేవాడు, ప్లాట్‌ఫారం దాటి బయటికి వచ్చేవాడు కాదు. ప్లాట్‌ఫారానికి గడప లేదు కదా అని మెల్లగా అన్నాడు మొదటిసారి, నేను ఎంత నవ్వానో. స్టేషను చివర సిమెంటు బెంచీ మాది. అక్కడ కూర్చుని నేను తెచ్చిన పులిహోర తినేవాళ్లం, వేరుశనక్కాయలు వలుచుకునేవాళ్లం, మళ్లీ వచ్చే రైలు కోసం ఎదురుచూసి, రైలు ఆలస్యమైతే సంతోషించేవాళ్లం. స్టేషను మాస్టరు మమ్మల్ని చూసి పలకరించడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు.

ఆ బెంచీ మీదే చెప్పాడు. కాలేజీలో ఉన్నప్పుడు నలుగురం ఒక బ్యాండు పెట్టాం, ఒక ఆల్బం చేశాం, దాని పేరు చెదలు. ఏం పాటలు అన్నాను. డెత్ మెటల్ అన్నాడు. అంటే చావు గురించా అన్నాను. చావు గురించీ, చెదల గురించీ, గోదాం గురించీ అన్నాడు. నువ్వేం వాయించావు అంటే, పల్లీ తొక్కలు ఒక్కొక్కటీ ఏరి కాగితంలో వేసి, నేను పాడాను అన్నాడు. నువ్వా! నేను అరిచిన అరుపుకి పక్క బెంచీ మీద కుక్క లేచి వెళ్లిపోయింది. ఎవరూ వినలేదులే అన్నాడు. అది అబద్ధం, ఒకళ్లు విన్నారు. నాకంటే ముందు చూసిన సంబంధంవాళ్లు ఎక్కడో ఫోన్లో పట్టుకుని విని, కుర్రాడికి ఏదో సోకిందని తప్పుకున్నారు. అప్పట్నుంచి మా అత్తగారు మిగిలిన సీడీలన్నీ కట్టగట్టి గజపతినగరంలో వాళ్ల కిరాణా గోదాంలో అటక మీద పెట్టేసింది, ఇతనూ ఆ మాట ఎత్తడం మానేశాడు. ఇప్పుడు ఎవరో విశాఖలో పాత పాటలు తవ్వుకునే కుర్రాళ్లకి అది దొరికింది. ఆదివారం చిన్న హాల్లో కచేరీ, వచ్చి వాయించండి అన్నారు. మిగతా ముగ్గురూ ఎగిరి గంతేశారు, డ్రమ్ములు వాయించే చినబాబైతే తన ట్రాక్టరు సామాన్ల షాపు మూసేసి ప్రాక్టీసు చేస్తున్నాడట. ఇతను మాత్రం, మా ఆవిడ విన్నాక చెప్తాను అన్నాడు. ఈ సాయంత్రానికి చెప్పాలి. నచ్చకపోతే చెప్పు ధనా, అక్కడితో వదిలేస్తాను, నిజంగా వదిలేస్తాను, బాధేం లేదు అన్నాడు. బాధేం లేదు అన్నప్పుడు గొంతు ఇంకా చిన్నదైపోయింది. నేను వెంటనే, బాగుంటుందిలే బావా అన్నాను. అప్పుడు నా వైపు తిరిగి, పెళ్లయ్యాక నన్ను అన్న గట్టి మాట అదొక్కటే, నువ్వు అన్నిటికీ బాగుంది అంటావు ధనా, దీనికి అలా అనకు అన్నాడు.

అందుకే బొటనవేలు ఆగింది. నిజమే, నేను అన్నిటికీ బాగుంది అంటాను. స్టేషను టీ బాగుంది అన్నాను, అది బాగులేదు. అతను చేసిన ఉప్మా బాగుంది అన్నాను, అది అడుగంటింది. కానీ నాకు నిజంగానే బాగున్నాయి, అదే చిక్కు! అడుగంటిన ఉప్మాలో అతను నా కోసం ఏరి పెట్టిన జీడిపప్పు ఉంది, టీలో పక్కన అతను ఉన్నాడు. ఇప్పుడు ఈ పాటలు నాకు అతని మూలంగా నచ్చితే అది నచ్చినట్టా కాదా? ఒకవేళ అస్సలు నచ్చకపోతే? తలనొప్పి వస్తే? బాగుంది అంటే నమ్మడు, బాగులేదు అంటే వదిలేస్తాడు. రెండిట్లో ఏదన్నా ఆదివారం పోతుంది. ఇంట్లో విందామంటే కుదరలేదు, చెవుల్లో ఏటే ఆ పుల్లలు అని అమ్మ, ఎవుల్తో మాట్లాడతన్నావు అని నాన్నమ్మ. సిగడాం వచ్చేస్తోంది. పైడితల్లీ అనుకుని నొక్కేశాను.

ముందు ఏమీ లేదు. తర్వాత ఏదో గరగర. ఫోను పాడైందేమో అనుకున్నాను, కాదు, ఆ గరగర దగ్గరికి వస్తోంది, చాలా చిన్నవి చాలా చాలా కలిసి నములుతున్నట్టు, అది గిటారు అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. గిటారు తీగలు వేలాడేంత వదులు చేసేస్తారట, సన్నగా మోగాల్సినవి బండరాయి దొర్లినట్టు మోగుతాయట. అందులోకి డ్రమ్ములు ఊడిపడ్డాయి. పడ్డాయి అంటే నేను నిజంగా వెనక్కి జారబడ్డాను, డబ్బా మూత ఎగిరింది, ఎదురు సీటాయన చూశాడు. అప్పుడు గొంతు. అమ్మ బాబోయ్! అది గొంతు కాదు, నేల కింద నుంచి ఎవరో గది తలుపు బరబరా ఈడుస్తున్నట్టు. నా చేతిలో వేరుశనక్కాయలు ఒలిచి పెట్టిన మనిషిదా అది? ఒళ్లంతా గగుర్పొడిచింది, వెంటనే నవ్వు, నవ్వుతో పాటు కొంచెం భయం, భయంతో పాటు ఇంకా కావాలని. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ భాషో కూడా తెలియలేదు. సిగడాంలో రైలు ఆగింది, జనం ఎక్కారు, దిగారు, నోళ్లు కదులుతున్నాయి, అందరి నోళ్లలోంచీ మా ఆయన గొంతే వస్తోంది. టికెట్ల కిటికీ దగ్గర చక్కగా బొట్టు పెట్టుకున్న పంతులమ్మ ఒకావిడ ఆ గొంతుతో మాట్లాడేస్తోంది. నాలో నేనే ఊగిపోయి నవ్వుతున్నాను.

రైలు కదిలేసరికి ఒక మాట పైకి తేలింది. ‘తింటాది’. చెవులు నొక్కి పట్టుకున్నాను. గడప తింటాది, దూలం తింటాది, మంచం కోడు తింటాది, నా పేరు తింటాది. తెలుగే! మా తెలుగే! నాతో మాట్లాడేటప్పుడు పుస్తకంలోలా తింటుంది వస్తుంది అంటాడు కదా, ఇక్కడ తింటాది అంటున్నాడు, మా అమ్మ అన్నట్టు, మా నాన్నమ్మ అన్నట్టు. వాళ్ల గోదాంలో ఒక ఏడాది చెదలు పట్టి ద్వారబంధం లోపలంతా తినేశాయట, పైకి రంగు రంగులాగే ఉంది, మామగారు కాశీవిశ్వనాథం గారు చెయ్యి వేసేసరికి వేళ్లు లోపలికి వెళ్లిపోయాయట. ఆ వేళ్లు లోపలికి వెళ్లిన చప్పుడు నుంచి ఈ పాట పుట్టిందన్నాడు. రికార్డింగు కూడా ఆ గోదాంలోనే. స్టూడియో ఎక్కడుంది వాళ్లకి, చింతపండు బస్తాలు, బెల్లం బుట్టలు, ఉలవల బస్తాలు గోడల చుట్టూ కప్పుదాకా పేర్చి, మధ్యలో నలుగురూ దూరి, దూలానికి మైకు వేలాడదీశారు. పెద్ద డ్రమ్ము పెళ్లిళ్ల బ్యాండుమేళం వాళ్ల దగ్గర అడిగి తెచ్చారు. బస్తాలు చప్పుడంతా పీల్చేసుకోవడంతో ఎక్కడా మోత లేదు, ప్రతిధ్వని లేదు, ప్రతి దెబ్బా చెవి పక్కనే పొడిగా, దగ్గరగా, ఊపిరాడనట్టు. ఆ గరగర నాకు ఎక్కడో తెలుసు. ఎక్కడ? రైలు పక్కన తాటిచెట్లు పోతున్నాయి, ఆలోచన అందడం లేదు, అందింది! పక్కింటి కుసుమకుమారి పిన్ని. పొందూరు ఖద్దరు నూలు వడకడానికి ముందు, పత్తి గింజల మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వేది అరుగు మీద కూర్చుని. ఆ చిన్న చిన్న పళ్లు దూదిలోంచి పోతుంటే గర్ గర్ గర్, మధ్యాహ్నమంతా, నేను జ్వరంతో పడుకున్నప్పుడు గోడ అవతల నుంచి అదే చప్పుడు, ఎంత నిద్ర పట్టేదో. మా ఆయన డెత్ మెటల్‌లో మా పిన్ని చేప దవడ ఉంది. ఇది చెప్తే నమ్ముతాడా?

“ఏటమ్మా, ఫోన్లో ఎవులైనా తిడతన్నారేటి? మొకం అలాగైపోతన్నాది.”

ఒక చెవిది తీశాను. ఎదురు సీటాయన పక్కన ఒక మామ్మ వచ్చి కూర్చుంది, కాళ్ల దగ్గర గోంగూర గంప, నోట్లో చుట్ట లేదు గానీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“తిట్టడం కాదు మామ్మా. మా ఆయన పాట.”

“మీ ఆయన పాడతాడా! ఓలమ్మ! ఏదీ, నాకూ ఒకటెట్టు.”

పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, ఉత్సాహం. వైరు మా ఇద్దరి మధ్యా సాగింది, ఆవిడ ముందుకి వంగింది, నేనూ వంగాను, రెండో పాట నడుస్తోంది. ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి, పెద్దవయ్యాయి, గంప అంచు గట్టిగా పట్టుకుంది.

“ఇది పాటేటే? గొంతులో సేపముల్లు ఇరుక్కున్నాది అబ్బాయికి. ఉత్త అన్నం ముద్ద సేసి మింగమని సెప్పు, దిగిపోతాది.”

నాకు నవ్వాగలేదు, ఎదురు సీటాయనకీ ఆగలేదు. మామ్మ మాత్రం వైరు ఇవ్వలేదు. వింటూనే ఉంది. పేరు అప్పలనరసమ్మట, చీపురుపల్లి సంతకి పోతోందట.

“కొత్తగా పెళ్లైనట్టున్నాది. ఇంట్లో మాటాడతాడా?”

“తక్కువ మామ్మా. చాలా తక్కువ.”

“మరదీ సంగతి. మాటలన్నీ ఇక్కడ కక్కీసినాడు, నీకేటి మిగిల్నాయి? పోనీలే, నీమీద అరవకుండా ఇందులో అరుస్తన్నాడు, మంచోడే.” తీసి ఇచ్చేసి చెవి రుద్దుకుంది. “మా ఆయన నామీదే అరిసీవోడు. రికాడ్ సేస్తే పేరొచ్చీది.”

చీపురుపల్లిలో గంప ఎత్తడానికి చెయ్యి వేశాను, మూడో పాట చెవుల్లో ఉండగానే, ఆవిడ తలమీద గంపతో నడిచి వెళ్తుంటే ఆ నడకా ఆ దరువూ ఒక్క నాలుగు అడుగులు కలిశాయి, తర్వాత విడిపోయాయి. అంతకుముందే అరిసె ఒకటి పెట్టాను ఆవిడ చేతిలో, అత్తగారికి ఒకటి తగ్గింది, తగ్గనీ.

ఈ మూడో పాట పేరు ఎలుక. బస్తాలో పడ్డ ఎలుక బయటికి రాలేక లోపల తిరగడం. చినబాబు రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతాడు, కాళ్లు కాదవి, మిషను. తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు, మా ఆయన గొంతు ఎక్కడ? వెతుకుతున్నాను. ఉంది, అడుగున ఉంది, చినబాబు కాళ్ల కింద పడి కొట్టుకుంటోంది. అయ్యో పైకి రా, పైకి రా అని నేను ముందుకి వంగిపోతున్నాను, రాదు, పాట అయిపోయింది. నాకు కోపం వచ్చింది. నిజంగా! చినబాబు ఎవరో సరిగా తెలియదు, పెళ్లిలో నల్ల చొక్కా వేసుకుని మూడుసార్లు భోజనం చేసిన మనిషి అని మాత్రం తెలుసు, కానీ అతని మీద కోపం వచ్చింది.

అంత కోపగించుకున్నానా, వెంటనే జాలి. ఆ చినబాబే ఏడ్చాడట ఆ రోజు. ఆల్బం విడుదల ఎప్పుడు పెట్టారో తెలుసా, సిరిమాను రోజు! విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజు జిల్లా అంతా ఊళ్లోనే ఉంటుంది కదా, ఇంతమందిలో కొంతమందైనా వింటారు కదా అని నలుగురు ఇంజినీర్లూ లెక్కవేశారు. సిరిమాను తిరిగే దారిలో స్నేహితుడి మేడ మీద సామాన్లన్నీ ఎక్కించారు. కింద లక్షల జనం, డప్పులు, బూరలు, అరుపులు, వీళ్లు ఎంత గట్టిగా వాయించినా పక్క మేడకి వినపడలేదు. సిరిమాను వచ్చేసింది, అంత ఎత్తున కొయ్య చివర పూజారి గారు, జనం కిందనుంచి భక్తిగా అరటిపళ్లు విసురుతున్నారు, సరిగ్గా ఆ సమయానికి వీళ్లు పాట ఎత్తుకున్నారు. గురి తప్పిన అరటిపళ్లన్నీ వచ్చి వీళ్ల మీద పడ్డాయి. వీళ్లేమో పాట నచ్చక కొడుతున్నారనుకున్నారు! మా ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నాడట, ముఖం మీద పండు పగిలిందట, అయినా ఆపలేదట. చినబాబు కర్రలు పడేసి వాటర్ ట్యాంకు వెనక కూర్చుని ఏడ్చాడు. విజయనగరం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకి ఆ పళ్లు ఎందుకు వస్తాయో తెలియదా! పుట్టిన్నాటి నుంచీ వాళ్లూ విసిరినవాళ్లే. కానీ ఆ క్షణంలో నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు, రాత్రి అత్తగారు చెప్తే గాని. తల్లి ప్రసాదంరా ఎదవల్లారా అందట. సరే, మళ్లీ వాయిద్దాం అనుకున్నారు. అది మంగళవారం. ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయాయి, చెట్లు పడిపోయాయి, కరెంటు లేదు, నీళ్లు లేవు, అందరూ కొవ్వొత్తుల కోసం తిరుగుతుంటే చెదలు ఎవరు వింటారు. కరెంటు వచ్చేసరికి నలుగురికీ నాలుగు ఉద్యోగాల గొడవలు. అలా పడి ఉండిపోయింది. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, పొందూరులో దీపం బుడ్డి ముందు కూర్చుని లెక్కలు చేస్తున్నాను, నలభై మైళ్లు కూడా లేని దూరంలో ఈ గొంతు ఉందని తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్ని? ఏమో. రైలెక్కి వచ్చేసేదాన్ని.

గరివిడి దాటింది. మబ్బు కిందికి దిగింది, ఎండ ఒక ముక్క మాత్రం చెరుకు తోట మీద పడి పసుపుగా మండుతోంది, నాలుగో పాట. దీని పేరు ఊక. మొదట్నుంచి చివరిదాకా ఒకటే దరువు, మెల్లగా, బరువుగా, ఎడ్లు వంగి లాగుతున్నట్టు, దాని మీద మా ఆయన మాటలు లేకుండా ఊపిరి మాత్రం లాగుతున్నాడు, వదులుతున్నాడు. లాగినప్పుడు చింతపండు ధూళి కూడా లోపలికి పోయి ఉంటుంది. నేనూ అతనితో పాటు ఊపిరి లాగుతున్నాను, వదులుతున్నాను, నాకు తెలియకుండానే. ఇప్పుడు భయం లేదు. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ఇది కోపం కాదు అనిపించింది, మామ్మ అన్నట్టు కక్కడం కూడా కాదు, ఎత్తుకోలేని బస్తా ఎత్తుతున్నప్పుడు లోపల నుంచి వచ్చేది, హమాలీ నోట్లోంచి వచ్చేది, పైకి లేచాక నవ్వొస్తుందే, అది. అలా అనుకుంటూ ఉన్నానా, పాట అయిపోయింది, కానీ ఎవరూ మైకు కట్టెయ్యలేదు. కొంచెం నిశ్శబ్దం. గిటారు తీగ ఒకటి ఇంకా జుమ్మంటోంది. దూరంగా, బస్తాల అవతల నుంచి, తలుపు అవతల నుంచి, ఒక ఆడగొంతు:

“ఒరే మోనా! అన్నం సల్లారిపోతన్నాది! ఆ సావుపాటలు తరవాత పాడుకుందురు గాని, రండ్రా!”

ఆ వెంటనే నలుగురి నవ్వు. ఆపుకోలేక పగిలిన నవ్వు. అందులో ఒకటి అతనిది, నేను గుర్తుపట్టాను! నాకు అతని నవ్వు తెలుసు, శబ్దం లేకుండా భుజాలు మాత్రం కదిలే నవ్వు, కానీ ఇక్కడ శబ్దం ఉంది, ఇరవై రెండేళ్ల కుర్రాడి నవ్వు, ముక్కులోంచి, గుర్రంలా. ఒక్కసారి వెనక్కి తిప్పాను. మధ్యలో ఆపకూడదన్నాడు, వెనక్కి తిప్పొద్దు అనలేదు కదా. మళ్లీ నవ్వాడు. మళ్లీ తిప్పాను. నా కళ్లలో నీళ్లు వచ్చాయి, ఎదురు సీటాయన ఇంక నన్ను చూడటం మానేసి తోటలు చూస్తున్నాడు. పద్మకుమారి గారు, మా అత్తగారు, డెత్ మెటల్ ఆల్బంలో పాడింది! ఆవిడకి ఈ సంగతి తెలుసా? ఆ సీడీలు కట్టగట్టి అటక మీద పెట్టినప్పుడు తన గొంతునీ కట్టిపెట్టానని తెలుసా? ఇవాళ వెళ్లగానే ఫోను చేసి వినిపిస్తాను. తిడుతుంది. తిట్టినా వినిపిస్తాను.

నెల్లిమర్ల దగ్గర చంపావతి వంతెన, రైలు చప్పుడు మారింది, ఆఖరి పాట మొదలైంది. పేరు వెన్నెల్లో. నేను ఇంకా ఆ నవ్వులోనే ఉన్నాను, అరె ఇదేంటి అనుకున్నాను. కీబోర్డు. మెత్తగా, తియ్యగా. తర్వాత అతని మామూలు గొంతు, నాకు తెలిసిన గొంతు, శుభ్రంగా, శ్రుతిలో, ఒక్క తప్పు లేకుండా, వెన్నెల్లో ఎవరో నడిచి వస్తున్నారట, నీడ కూడా లేదట. బాగుంది అనబోయాను. నోట్లోకి వచ్చేసింది ఆ మాట, అలవాటు. రాలేదు. ఎందుకు రాలేదు? మళ్లీ విన్నాను లోపలికి. బస్తాలు ఎక్కడికి పోయాయి? చేప దవడ ఎక్కడికి పోయింది? దూలం, గడప, ధూళి, ఆ నలుగురూ ఎక్కడ? ఎవరో వాకిలి ఊడ్చేసి, ముగ్గువేసి, చుట్టాలొస్తున్నారు మంచిగా కూర్చోండి అన్నట్టు ఉంది. ఈ గొంతు నేను విన్నాను, పెళ్లిచూపుల్లో, కాఫీ గ్లాసుతో మాట్లాడింది ఇదే గొంతు. ఒప్పుకోండి, నేను మంచివాణ్ణి అన్నట్టు. విన్నవాళ్లు చాలా కొద్దిమందే అయినా అందరూ ఇదొక్కటే బాగుందన్నారని చెప్పాడు. ఆదివారం దీంతోనే మొదలుపెడతాం, వచ్చినవాళ్లు భయపడకుండా అని చెప్పాడు. నాకు నచ్చలేదు. నాకు నచ్చలేదు! రైలు సీట్లో నిటారుగా కూర్చున్నాను. ఎంత వింతగా ఉంది ఈ మాట, కొత్త చెప్పులా బిగుతుగా, కానీ నాదే, చప్పుడు చేస్తోంది. ఒకటి నచ్చలేదు అంటే మిగిలినవి నచ్చాయనే కదా అర్థం? అతను లేకపోయినా, పల్లీలు ఒలిచిపెట్టకపోయినా, నచ్చాయనే కదా? కానీ ఇది చెప్పాలి, అది కూడా అతను అన్నిటికంటే బాగా పాడానని అనుకునే పాట గురించి చెప్పాలి, విని ముడుచుకుపోతే? బాధేం లేదు అని గొంతు చిన్నది చేసుకుని వదిలేస్తే? బాగుంది అనేస్తే పోయె. అనేస్తే హాయి. స్టేషను వచ్చేస్తోంది, పట్టాలు ఒకటి రెండై నాలుగై విడిపోతున్నాయి, జనం బ్యాగులు దింపుతున్నారు.

విజయనగరం. అతను వంతెన మెట్ల దగ్గర నిలబడ్డాడు, లేత నీలం చొక్కా, నాకిష్టమైనది, చేతిలో హెల్మెట్. నన్ను చూసి భుజాలతో నవ్వాడు. బ్యాగు అందుకున్నాడు, డబ్బా కూడా అందుకున్నాడు, పాటల సంగతి అడగలేదు. మెట్లెక్కాం. రద్దీగా ఉందా అన్నాడు. లేదన్నాను. అత్తయ్య మామయ్య బాగున్నారా అన్నాడు. బాగున్నారన్నాను. వంతెన మీద నడుస్తున్నాం, దిగుతున్నాం, బయటికి వచ్చేశాం, బళ్లు పెట్టే చోటికి వచ్చేశాం, అతను తాళం తిప్పుతున్నాడు, నా వైపు చూడటం లేదు, చెవులు మాత్రం నా వైపే ఉన్నాయి.

“బావా, వెన్నెల్లో తీసెయ్యి.”

“ఏది?”

“ఆఖరి పాట. నాకు నచ్చలేదు.”

తాళం తిప్పిన చెయ్యి ఆగింది. “అదొక్కటే అందరికీ నచ్చిన పాట ధనా.”

“అందులో నువ్వు పెళ్లిచూపుల్లో మాట్లాడినట్టు పాడావు.”

అతను హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇంక ముడుచుకుపోతాడు అనుకున్నాను, అయినా నా నోరు ఆగలేదు. “ఇంకోటి. ఎలుక పాటలో చినబాబన్నయ్య నిన్ను తొక్కేశాడు. నీ గొంతు వినపడటం లేదు.”

“తొక్కడమేటి!” అన్నాడు. మామూలుగా కాదు. “అది కావాలనే అలా పెట్టాం! ఎలుక బస్తా అడుగున ఉంటాది కదా, గొంతు కింద ఉండాలి కదా!”

“ఎలుక అరుపు బస్తా బయటికి వినపడాలా వద్దా?”

“నీకు మిక్సింగ్ గురించి ఏటి తెలుసే!”

“నాకేం తెలీదు, చెవులున్నాయి!”

“వెన్నెల్లో రాయడానికి ఎన్నాళ్లు పట్టిందో తెలుసా!”

“అందుకే అలా ఉంది! ఊక ఎన్నాళ్లు పట్టింది?”

“ఒక మధ్యాహ్నం!”

“చూశావా మరి!”

ఆటో డ్రైవర్లు తిరిగి చూస్తున్నారు. ఒకావిడ పిల్లని పక్కకి లాక్కుంది. మా ఆయన అరుస్తున్నాడు! హెల్మెట్ ఊపుతూ, మెడలో నరం పైకి తేలి, స్టేషను ముందు, అందరి ఎదుటా, నాతో దెబ్బలాడుతున్నాడు, నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది, గంతేస్తే వాదన పోతుందని ముఖం ముడుచుకుని నిలబడ్డాను. అతను ఫోను తీసి చినబాబుకి కొట్టాడు, స్పీకరు పెట్టాడు.

“ఒరే చినబాబూ, ఆదివారం వెన్నెల్లో తీసెయ్యాలంట రా! మా ఆవిడ అంటన్నాది!”

అటు నుంచి పెడళ్ల చప్పుడు ఆగింది. “ఆదివారమా? అంటే… వస్తన్నావేటి?”

అతను నా వైపు చూశాడు. తనేమన్నాడో అప్పుడు తెలిసింది అతనికి. ముఖమంతా ఒక్కసారి ఖాళీ అయింది, తర్వాత నిండింది. నేను అవును అనలేదు, తల కూడా ఊపలేదు, వాదన ఇంకా పూర్తవలేదు కదా.

“వస్తన్నానో రాటం లేదో తరవాత, ముందు పాట సంగతి తేల్చు!” అని ఫోన్లోకి అరిచాడు.

నేను ఫోను లాక్కున్నాను. “అన్నయ్యా, ఎలుకలో కాళ్లు కొంచెం నెమ్మదిగా వెయ్యాలి మీరు.”

“నెమ్మదా! ఎవులికి సెప్తన్నావమ్మా నెమ్మదని!”

చినుకులు పడ్డాయి, పెద్ద చినుకులు, జనం షెడ్డు కిందికి పరుగెత్తారు. మేం పరుగెత్తలేదు. బండి ఇంకా స్టాండు మీదే ఉంది, మేం ముగ్గురం ఒకళ్ల మాట మీద ఒకళ్లు పడి అరుచుకుంటున్నాం, అందరికంటే గట్టిగా మా ఆయన.